వైరి సమాసంలో కాపురం

భాషను తయారుచేయడానికి ఒక్క మనిషి చాలు. అది బతకాలంటే మాత్రం ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు పక్కకు తప్పుకోవాలి.

దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌ దగ్గర, ఆస్టినాబాద్ అని ఒక ఊరుంది. పేరులో మొదటి సగం ఇంగ్లిష్ వాళ్ల పేరు, రెండో సగం పారశీకం నుంచి వచ్చిన 'ఆబాద్'. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని ఇష్టం వచ్చినట్టు అతికిస్తేనే 'వైరి సమాసం' అని మార్కులు కోసే సంప్రదాయం తెలుగు పండితులది. ఆ లెక్కన ఈ ఊరి పేరు తప్పుల తడక. అయినా హైదర్ పక్కన ఆబాద్ చేరి హైదరాబాద్ అయినట్టే, ఆస్టిన్ పక్కన చేరి ఆస్టినాబాద్ అయింది. సంధి సూత్రం ఎవరూ అడగలేదు. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ పేరు నోరు తిరగకపోవడమంటూ లేదు.

అండమాన్ నికోబార్ దీవుల జనాభా 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షలు. అందులో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు నూటికి 28 మంది, హిందీ 19, తమిళం 15, తెలుగు 13. అంటే సుమారు 50 వేల మంది తెలుగువాళ్లు. ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్నాయి. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బజారులో అండమాన్ హిందీ, బడిలో ఇంగ్లిషో హిందీయో, పాఠ్యపుస్తకంలో మరో తెలుగు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లవాడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఏది ఒప్పు? ఒప్పు అని చెప్పేది ఎవరు, పుస్తకం రాసినవాడా, మాట్లాడేవాడా?

ఇది పాత పేచీయే. కానీ దాన్ని తేల్చుకోవడానికి సహజంగా పుట్టిన భాషల కన్నా, మనుషులు కూర్చుని తయారుచేసిన భాషలు బాగా ఉపయోగపడతాయి. సహజ భాషలో నియమం ముందా వాడుక ముందా అన్నది చెట్టు ముందా విత్తు ముందా లాంటి వాదం. తయారుచేసిన భాషలో ఆ అనుమానం లేదు. అక్కడ నియమాలే ముందు. రచయిత పేరు తెలుసు, తేదీ తెలుసు, పుస్తకం చేతిలో ఉంది. అలాంటి చోట కూడా చివరికి వాడుకే గెలిస్తే, మిగతా భాషల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

1858: రెండు భాషలు

అండమాన్‌లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల వలసను తెరిచింది 1858 మార్చిలో. సిపాయిల తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు ముందు వచ్చారు. తర్వాత పంజాబ్, బెంగాల్, మద్రాసు, బర్మా, అన్ని వైపుల నుంచీ ఖైదీలను ఓడల్లో దించారు. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడ్డ తెలుగు నేల మనుషులూ వారిలో ఉన్నారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాని ఆ గుంపులో పని జరగాలంటే ఏదో ఒక ఉమ్మడి మాట కావాలి. హిందుస్తానీ ఆ పని చేసింది. వ్యాకరణం నేర్పినవారు లేరు, తప్పు దిద్దినవారు లేరు. బెంగాలీ, తమిళం, మలయాళం, తెలుగు మాట్లాడేవాళ్ల నోళ్లలో పడి అది ఢిల్లీ, లక్నోల హిందుస్తానీకి దూరంగా జరిగింది. ఖైదీల పిల్లలకు, మనవలకు అదే ఇంటి భాష అయింది. ఇవాళ దీవుల్లో ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకునేది ఆ హిందీలోనే.

అదే 1858లో మద్రాసులో పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' అచ్చయింది. దాని పుట్టుక పూర్తిగా ఇందుకు వ్యతిరేకం. ఒక మహాపండితుడు పాత కావ్యాల భాషను వడగట్టి, సూత్రాలుగా బిగించి, వచనం కూడా ఇలాగే రాయాలని హద్దులు గీశాడు. అరసున్న ఎక్కడ ఉండాలి, బండి 'ఱ' ఎక్కడ రావాలి, ద్రుతం మీద సరళాదేశం ఎప్పుడు జరగాలి, అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకంగా చూస్తే అది అద్భుతమైన పనితనం. చిక్కల్లా ఆ నియమాలతో ఏర్పడిన వచన భాషను తెలుగు నేల మీద ఎవరూ ఏ కాలంలోనూ ఇంట్లో మాట్లాడలేదు. 'వాడు వచ్చాడు' అనుకుంటూ బడికి వెళ్లిన పిల్లవాడు అక్కడ 'వాఁడు వచ్చెను' అని రాయాల్సి వచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే అది సగం తయారీ భాష. ముడిసరుకు తెలుగుదే అయినా మూస పండితుడిది.

ఒకే ఏడాది మొదలైన ఈ రెండింటిలో నియమాలు లేని భాష నేటికీ బజారులో బతికే ఉంది. నియమాలు బిగించిన భాష వందేళ్లు గడవకముందే పత్రికల నుంచి, కథల నుంచి తప్పుకుంది. అంత మాత్రాన నియమాలే భాషకు శత్రువులు అనుకుంటే తొందరపడినట్టే. పూర్తిగా తయారీ భాషల చరిత్ర అంతకంటే చిత్రమైనది.

ఫాదరీ పట్టు, డాక్టరు పట్టు విడుపు

జర్మనీలో యోహాన్ మార్టిన్ ష్లేయర్ అనే కాథలిక్ ఫాదరీ 1879-80లో 'వోలాప్యూక్' అనే ప్రపంచ భాషను తయారుచేశాడు. ఇంగ్లిష్ 'వరల్డ్'ను కుదించి 'వోల్', 'స్పీక్'ను నలిపి 'ప్యూక్'. రెండూ కలిపితే ప్రపంచ భాష. పదేళ్లలో యూరప్ నిండా 280 పైచిలుకు సంఘాలు వెలిశాయి. 1889లో పారిస్‌లో జరిగిన సభలో నిర్వాహకులతో పాటు హోటల్ సర్వర్లు కూడా అదే భాషలో మాట్లాడారని చెప్పుకొన్నారు. అక్కడే బీటలు కూడా వారాయి. వ్యాకరణం బరువుగా ఉంది, కొంచెం తగ్గిద్దామని వాడేవాళ్లు అన్నారు. ఆ భాష అకాడమీకి నాయకత్వం వహించిన ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ సంస్కరణలు ప్రతిపాదించాడు. ష్లేయర్ ఒప్పుకోలేదు. భాష తనది కాబట్టి ఆఖరి మాట తనదే కావాలని పట్టుబట్టాడు. మాట్లాడేవాళ్లు చీలిపోయి, చాలామంది మరో భాషకు వెళ్లిపోయారు. కొద్ది ఏళ్లలోనే సంఘాలు మూతపడ్డాయి.

ఆ మరో భాష ఎస్పెరాంటో. పోలండ్‌లోని బ్యాలిస్టాక్‌లో పుట్టిన కళ్ల డాక్టరు ఎల్.ఎల్.జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో దాని మొదటి పుస్తకం అచ్చువేశాడు. వ్యాకరణం మొత్తం 16 సూత్రాలు, ధాతువులు సుమారు 900. ఈ భాష మీద తనకు సొంత హక్కులేమీ ఉండవని మొదటి పుస్తకంలోనే రాశాడు. ఏడేళ్లకు, 1894లో, ఆయనే కొన్ని మార్పులు ప్రతిపాదించి పత్రిక చందాదారులను ఓటు అడిగాడు. వాళ్లు వద్దన్నారు. భాషను పుట్టించినవాడు మారుద్దామంటే మాట్లాడేవాళ్లు ఆపారు, ఆయన తలవంచాడు. వాడుక అంటే ఎప్పుడూ మార్పేనని, నియమం అంటే ఎప్పుడూ పై నుంచి దిగేదేనని అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం ఇది. నేర్చుకున్న భాష రోజుకో రకంగా మారిపోతుంటే ముందు నష్టపోయేది వాడేవాడే.

1905లో ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణంలో మొదటి ప్రపంచ సభ జరిగింది. 'ఫుందమెంటో' అనే ఒక చిన్న పుస్తకాన్ని పునాదిగా పెట్టుకుని, దాన్ని మాత్రం ఎవరూ, జామెన్‌హాఫ్ సహా, ముట్టుకోకూడదని ఒప్పుకున్నారు. మిగతాదంతా వాడుకకు వదిలేశారు. రెండేళ్లకు కొందరు మేధావులు లోపాలన్నీ సవరించి 'ఈడో' అనే మెరుగైన రూపం తెచ్చారు. తర్కం ప్రకారం చూస్తే ఈడో చాలా చోట్ల మెరుగే. నాయకులు కొందరు అటు వెళ్లారు, జనం కదల్లేదు. ఈడో ఇప్పటికీ ఉంది కానీ మాట్లాడేవాళ్లు కొద్దిమందే.

పునాది కదలని ఎస్పెరాంటో గోడలు మాత్రం ఈ 140 ఏళ్లలో చాలానే మారాయి. ఆస్పత్రికి సూత్రం ప్రకారం వచ్చే మాట 'మల్సానులేయో'. 'సానా' అంటే ఆరోగ్యం ఉన్న, ముందు 'మల్' చేరిస్తే దానికి వ్యతిరేకం, 'ఉల్' మనిషి, 'ఎయ్' చోటు. అంటే ఆరోగ్యం లేనివారి చోటు. లెక్క తప్పలేదు. కానీ చాలామంది హాయిగా 'హోస్పిటాలో' అనేస్తారు. 'వైద్యశాల' బోర్డు మీద ఉండగా జనం 'ఆస్పత్రి'కి వెళ్లడం ఎరిగిన తెలుగువాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. కంప్యూటర్ వచ్చినప్పుడు రెండు మూడు మాటలు పోటీపడి చివరికి 'కొంపుటీలో' నిలబడింది. 'ఆధునికం, యవ్వనం, స్టైలు' అని అర్థం వచ్చే మూడు మాటల తొలి అక్షరాలను కలిపి కుర్రకారు 'మొయోసా' అన్నారు. తెలుగు కుర్రాళ్లు 'కేక' అన్నట్టు. జామెన్‌హాఫ్ పుస్తకంలో 'అతడు', 'ఆమె' తప్ప ఇద్దరికీ వర్తించే మాట లేదు. ఇటీవలి ఏళ్లలో చాలామంది 'రి' అనే మాట వాడుతున్నారు. ఏ అకాడమీ ముందుగా అనుమతి ఇవ్వలేదు. వాడుక పెరుగుతోంది, వాదనలూ నడుస్తున్నాయి. ఎస్పెరాంటోకు అకాడమీ ఉంది. అయితే అది ఎక్కువగా చేసేది వాడుక ఎటు పోతోందో చూసి, పునాదికి అడ్డు రాకపోతే సరేననడం.

కాలకేయుల వ్యాకరణం

తెలుగువాళ్లు ఈ ముచ్చటకు దూరంగా ఏమీ లేరు. 2015 జులైలో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయులు మాట్లాడే 'కిలికి' తయారీ భాషే. తమిళ గీత రచయిత మదన్ కార్కి దాన్ని రాశాడు. 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు అని సినిమా వచ్చినప్పుడు చెప్పారు. 'నేను'కు 'మిన్', 'నువ్వు'కు దాన్నే తిరగేసి 'నిమ్'. కాలకేయ రాజుగా ప్రభాకర్ నాలుకతో టక్కుటక్కుమనిపిస్తూ ఆ భాషలో గర్జిస్తే థియేటర్లు అదిరిపోయాయి. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, దర్శకుడు రాజమౌళి చేతుల మీదుగా దానికి లిపి, పెంచిన పదకోశం జతచేసి జనం ముందు పెట్టారు.

ఇంత సామగ్రి ఉన్నా జనంలోకి వెళ్లింది మాత్రం 40 సూత్రాలు కాదు. పిల్లలు అనుకరించింది ఆ చప్పుళ్లను, ఆ ఊపును. అర్థం తెలుసుకుని వాక్యం కూర్చినవాళ్లు తక్కువ. అది రచయిత తప్పు కాదు. కిలికిలో చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ పడలేదు, అంతే. ఒక రకంగా కిలికి నియమాలు భద్రంగా ఉన్నది కూడా అందుకే. వాడని పాత్రకు సొట్టలు పడవు.

హాలీవుడ్ 'క్లింగాన్' కథ ఇంకో మెట్టు పైది. 1984 'స్టార్ ట్రెక్' సినిమా కోసం భాషా శాస్త్రవేత్త మార్క్ ఒక్రాండ్ దాన్ని రూపొందించాడు, మరుసటి ఏడాదే నిఘంటువు వచ్చింది. అభిమానులు దాన్ని నిజంగానే నేర్చుకున్నారు. అయితే కొత్త మాట కావాలంటే సొంతంగా పుట్టించుకోరు. ఒక్రాండ్ నోట వస్తేనే మాట కింద లెక్క. ఇక్కడ నియమకర్తను సింహాసనం మీద కూర్చోబెట్టింది వాడేవాళ్లే. 1990ల్లో అమెరికాలో ఒక భాషావేత్త తన కొడుకుతో మూడేళ్ల పాటు క్లింగాన్‌లోనే మాట్లాడి చూశాడు. యుద్ధానికి, ఓడలకు సరిపోయే భాషలో ఇంట్లోని మామూలు వస్తువులకు మాటలు కరువయ్యాయి. పిల్లవాడు మెల్లగా ఆసక్తి వదిలేసి ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయాడు. అదే ఎస్పెరాంటో ఇంటి భాషగా పెరిగినవారు ప్రపంచంలో వెయ్యి మంది దాకా ఉంటారని అంచనా. కొత్త మాట కోసం ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోవడం ఈ రెండింటి మధ్య ఉన్న పెద్ద తేడా.

ఇక రచయిత ఎవరో తెలియని తయారీ భాష ఒకటి దాదాపు ప్రతి తెలుగు ఊళ్లోనూ ఉండేది. అది 'క భాష'. ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చడమే. 'నువ్వు రా' అనాలంటే 'కను కవ్వు కరా'. పెద్దవాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి పిల్లలు వాడేవాళ్లు. ఒకే ఒక్క సూత్రం. పుస్తకం లేదు, పరీక్ష లేదు. పెద్దలు పసిగట్టారని తెలిస్తే 'క' తీసేసి 'చ' పెట్టేవాళ్లు. అవసరం ఉన్నంత కాలం నియమం తు.చ. తప్పకుండా నడిచింది. అవసరం మారినప్పుడు నియమం కూడా ఒక్క పూటలో మారింది.

పండితుల తప్పుల పట్టీ

గిడుగు రామమూర్తి పోరాటాన్ని ఈ వెలుగులో చూస్తే కొత్తగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు, వాడుక భాషా ఉద్యమానికి దిగక ముందే అడవుల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. రాత లేని ఆ భాషకు పాఠాలు రాశాడు, పదాలు సేకరించాడు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం నియమాలు విధించే పుస్తకం కాదు. సవరలు ఎలా మాట్లాడతారో విని రాసిన పుస్తకం. నోట ఉన్నదే భాష అన్న పాఠం ఆయనకు అక్కడే ఒంటబట్టింది.

1906 ప్రాంతంలో స్కూళ్ల తనిఖీకి వచ్చిన జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లిష్ అధికారి, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో రాయించే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడగడంతో తేనెతుట్టె కదిలింది. గురజాడ, గిడుగు ఒకవైపు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు మరోవైపు. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద మెమొరాండం అచ్చువేస్తే, రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ పుస్తకం తెచ్చారు. స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని వాడుక భాషలో రాసే వెసులుబాటు కొంతకాలం వచ్చింది, పండితుల ఒత్తిడికి పోయింది.

గిడుగు ఎత్తిన అసలు కత్తి వేరే ఉంది. గ్రాంథికం కష్టం, పిల్లలు ఏడుస్తున్నారు అని ఊరుకోలేదాయన. గ్రాంథికమే రాయాలంటున్న పండితుల పుస్తకాలు తీసి, ఆ నియమాల ప్రకారమే వాళ్లు చేసిన తప్పుల పట్టీ తయారుచేశాడు. నియమం పెట్టినవాళ్లకే నియమం నిలవడం లేదని నిరూపించాడు. జీవితాంతం అదే సాధన చేసినవారికే పట్టుబడని భాషను పదేళ్ల పిల్లవాడి మీద రుద్దడం ఏం న్యాయం? దీనికి పరిషత్తు దగ్గర గట్టి జవాబు లేకపోయింది. తొలుత గ్రాంథికం వైపు ఉన్న కందుకూరి వీరేశలింగం సైతం 1919లో చనిపోవడానికి కొద్ది నెలల ముందు వాడుక భాషా సమాజానికి అధ్యక్షుడయ్యాడు.

అయితే గెలిచిన వాడుక ఎవరి వాడుక అన్న ప్రశ్న అంత తొందరగా తేలలేదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, రేడియో స్థిరపరిచిన తెలుగు ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాలది. చిన్నయసూరి కుర్చీ ఖాళీ కాగానే మరో కొలబద్ద వచ్చి కూర్చుంది. దాని ముందు తెలంగాణ మాట యాస అయింది, సీమ మాట యాస అయింది, గిడుగు పుట్టిన శ్రీకాకుళం మాట కూడా యాసే అయింది. కాళోజీ జీవితమంతా వాదించింది ఈ రెండో కొలబద్ద మీదే. తెలంగాణ ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని, ఆంధ్రప్రదేశ్ గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29ని భాషా దినాలుగా జరుపుకోవడంలో ఈ చరిత్రంతా ఉంది.

కొత్త మాటల తయారీలోనూ ఇదే నడిచింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కాలేజీ చదువులకు తెలుగు పరిభాష కూర్చింది. 'కిరణజన్య సంయోగక్రియ' లాంటి మాటలు తెలుగు మీడియం పిల్లల నోట నిలిచాయి, పరీక్షలో అవసరం కాబట్టి. 'ధూమశకటం' పట్టాలెక్కనే లేదు. 'విమానాశ్రయం' బాగానే దిగింది. 'ఆకాశవాణి' స్టేషన్‌కు, 'రేడియో' పెట్టెకు అని జనమే పంపకం చేసుకున్నారు. 'శాసనసభ్యుడు' వార్తలో ఉంటాడు, ఊళ్లోకి వచ్చేది మాత్రం 'ఎమ్మెల్యే'. 'అంతర్జాలం' సగం దూరం వచ్చి ఆగింది, 'చరవాణి' పత్రిక దాటి గడప తొక్కలేదు. ఇందుకు భిన్నంగా 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం రైతులు వాడే మాటలను ఊరూరా తిరిగి ఏరి తెచ్చింది. నాగలిలోని ఒక్కో భాగానికి జిల్లాకో మాట ఉందని, ఏదీ తప్పు కాదని అది చూపించింది. పండితుడు పేరు పెట్టడం మానేసి అడిగి రాసుకోవడం మొదలుపెట్టిన పుస్తకం అది.

వ్యాకరణం వచ్చేసరికి

నియమాలు వదిలేస్తే చాలు, వాడుక తనంతట తానే నిలబడుతుందా? దానికి జవాబు కూడా అండమాన్‌లోనే ఉంది, అది సంతోషపెట్టేది కాదు. గ్రేట్ అండమానీయులు ఒకప్పుడు పది తెగలు, పది మాటలు. రోగాలు, వలస పాలన వాళ్లను ఊడ్చేశాక మిగిలిన కొద్దిమందిని 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ ద్వీపంలో ఒకచోట చేర్చారు. జేరో, ఖోరా, బో, సారే మాట్లాడేవాళ్లు కలిసి బతకడంతో జేరో ఆధారంగా ఒక కలగలుపు భాష ఏర్పడింది. ఎవరూ రూపొందించలేదు, అవసరమే రూపొందించింది. భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి 2005 నుంచి వాళ్ల మధ్య పనిచేసి 2012లో నిఘంటువు, 2013లో వ్యాకరణం వెలువరించారు. ఆ లోపే, 2010 జనవరి 26న, 'బో' భాష చివరి మనిషి బోవా సీనియర్ కన్నుమూశారు. 2020 ఏప్రిల్‌లో 'సారే' తెలిసిన లీచో పోయారు. పిల్లలు అప్పటికే అండమాన్ హిందీలోకి వెళ్లిపోయారు. వ్యాకరణం చేతికొచ్చేసరికి మాట్లాడే నోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

ష్లేయర్‌ది నియమం ఎక్కువై చచ్చిన భాష. గ్రేట్ అండమానీస్‌ది మనుషులు తక్కువై ఆరిపోతున్న భాష. రెండు కథల్లోనూ తేలేది ఒకటే. నియమం భాషను చంపగలదు గానీ ఒంటరిగా బతికించలేదు. ఎస్పెరాంటో దారి మధ్యే మార్గం. అందరూ ఒకరికొకరు అర్థం కావడానికి ఎంత అవసరమో అంత పునాది గట్టిగా పెట్టుకోవడం, మిగతాది మాట్లాడేవాళ్లకు వదలడం. పరీక్ష పేపరు దిద్దాలన్నా, నిఘంటువు కూర్చాలన్నా, కంప్యూటర్‌లో అక్షరాలు కుదరాలన్నా ఏదో ఒక ఉమ్మడి రూపం కావాలి. దాన్ని కాదనడం తెలివితక్కువ. ఆ ఉమ్మడి రూపం తప్ప మిగతాదంతా తప్పు అనడం అంతకంటే పెద్ద తెలివితక్కువ.

సర్కారు వారి పేర్లకు కూడా ఈ న్యాయమే. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ 'స్వరాజ్ ద్వీప్' అయింది, నీల్ 'షహీద్ ద్వీప్' అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ 'శ్రీ విజయపురం' అయింది. ఉత్తర్వు ఇచ్చిన రోజే బోర్డు మారుతుంది. నోటిమాట మారడానికి మాత్రం గెజిట్‌లో తేదీ ఉండదు. కొత్త పేరు పాతుకుంటుందా లేదా అన్నది ఓడ టికెట్టు అడిగేవాళ్లు, ఆటో పిలిచేవాళ్లు ఏమంటారో దాన్నిబట్టి తేలుతుంది.

ద్వీపాల్లోని తెలుగుకు ఇందులో పెద్ద పందెమే ఉంది. ఆస్టినాబాద్ లాంటి చోట తెలుగింటి పిల్లవాడికి తెలుగు తప్పనిసరి కాదు. హిందీ ఉంటే బజారు గడుస్తుంది, ఇంగ్లిష్ ఉంటే ఉద్యోగం దొరుకుతుంది. తెలుగు అతనికి అమ్మమ్మ మాట, అంతే. ఆ మాటలో 'ఏమిటి' ఉండదు, 'ఏటి' ఉంటుంది. 'నేను' ఉండదు, 'నాను' ఉంటుంది. 'త్వరగా రా' ఉండదు, 'బేగి రా' ఉంటుంది. విజయవాడలో పిల్లవాడి మాటను బడి తప్పన్నా, బయటికొస్తే ఊరంతా తెలుగే కాబట్టి భాష పోదు. సముద్రానికి అవతల ఆ భరోసా లేదు. అక్కడ 'బేగి' తప్పని చెప్పిన రోజున పిల్లవాడు 'త్వరగా' నేర్చుకోడు, 'జల్దీ' అంటాడు. హిందీలో ఎవరూ తప్పు పట్టరు మరి.

అందుకే ఆ పిల్లవాడికి తెలుగు చెప్పే మాస్టారి పని చిన్నయసూరి చేసిన పని కన్నా, గిడుగు సవరల దగ్గర చేసిన పనికి దగ్గరగా ఉండాలి. ముందు వినడం, తర్వాత రాయడం. పుస్తకం భాష కూడా నేర్పాలి, లేకపోతే పిల్లవాడికి పత్రిక చదవడం రాదు. కానీ దాన్ని ఇంటి మాట పక్కన రెండో మాటగా చేర్చాలి, ఇంటి మాటను కొట్టేసి కాదు. నోటుబుక్కులో 'బేగి' మీద ఎర్ర గీత పడుతుందా, దాని పక్కన 'త్వరగా' అని మరో మాట చేరుతుందా అన్నదాన్ని బట్టి, ఆ యాభై వేల మంది మనవలు తెలుగులో మాట్లాడతారో లేదో చాలావరకు తేలిపోతుంది.